ఊదారంగు మూత

చీమకుర్తిలో దగ్గుని ఎవరూ లెక్కపెట్టరు.
కోత మిషను దగ్గు, పాలిషు దగ్గు,
లారీ కింద పడుకున్నవాడి తెల్లవారుజాము దగ్గు.
ఏది అడిగినా ఒకటే జవాబు: "దుమ్మమ్మా."

కార్తీకం ముసురులో, పడిశం ఇల్లిల్లూ తిరుగుతున్నప్పుడు
ఐసు పెట్టె భుజాన తగిలించుకొని బస్సు దిగాను.
ఒంగోలు ఆసుపత్రి పరిశోధనకి నెత్తురు కావాలి,
మనిషికి మూడు మిల్లీలీటర్లు,
ఊదారంగు మూతున్న గొట్టంలో.

"రొంప ముక్కులో ఉంటే చేతికి గుచ్చతావేందమ్మే?"
రేకుల గది గుమ్మంలో మాలకొండయ్య.
శిక్షణలో నేర్పిన వాక్యం నాలుక దాకా వచ్చింది.
అది ఇంగ్లీషులో ఉంది, పొడుగ్గా కూడా ఉంది.
మింగేసి, ఇట్లా చెప్పాను:

దొంగ గోడ దూకింది ముక్కు వైపు నుంచే.
మన కంటికి వాడు ఆనడు.
తెల్లారేసరికి ఊరు దాటిపోయినా పోవచ్చు.
కానీ వాడు కాలుపెట్టిన రాత్రి
ఎక్కడో ఒక కుక్క మొరుగుతుంది.
అది విని పక్క వీధి కుక్క,
దాన్ని విని చెరువు కట్ట మీది కుక్క.
మోచేతి మడతలో ఈ సన్న సందుకి కూడా
ఆ అరుపు చేరుతుంది పెద్దాయనా.
నేను పట్టుకెళ్ళేది దొంగని కాదు,
అరుపుని.

"దొంగెవడో తెలిసిద్దా మరి?"
పేరు తెలీదు. తీరు తెలుస్తుంది.
బాక్టీరియాకి ఒక గొంతుతో, వైరస్‌కి ఇంకో గొంతుతో మొరుగుతాయి.
ఒక్కోసారి, నుదురింకా చల్లగా ఉండగానే.

నవ్వి, చెయ్యి చాపాడు.
గోళ్ళ చుట్టూ రాతిపొడి, సున్నపు గీతల్లా.
నరం రెండుసార్లు తప్పుకుంది.

ఒంగోల్లో, ఏసీ గదిలో, మిషను ముందు నేను.
ఆ మూడు మిల్లీలీటర్లలో రాసున్న చిన్న చిన్న చీటీల్ని అది
రెట్టింపు చేస్తుంది, మళ్ళీ రెట్టింపు,
నలభై సార్లు,
గుసగుస కేక అయ్యేదాకా.
నల్లటి తెర మీద గీతలు లేస్తాయి.
మా ఊరి నల్లరాయిని నీళ్ళు పోసి రుద్దితే
లోపలి బంగారు చుక్కలు బయటపడ్డట్టు.

శేషారత్నం కూతురి గీత నిటారుగా లేచింది. వైరస్.
యాంటీబయాటిక్ అక్కర్లేదన్నాడు డాక్టరు.
తల్లికి నచ్చలా. "సూది కూడా లేకుండా పంపిస్తారా?"
ఐదో రోజు ఆ పిల్ల
రాళ్ళ బురద గుట్ట మీద జారుడుబండ ఆడుతోంది.

గంజాం కుర్రాడు బిజయ్‌కి దగ్గూ లేదు, జ్వరమూ లేదు,
గీత మాత్రం లేచింది.
గదిలో ఎనిమిది మంది. వాణ్ణి వసారాలో పడుకోమన్నాం.
తిట్టుకుంటూ చాప తీసుకెళ్ళాడు.
మర్నాటి రాత్రి వణికాడు.

మాలకొండయ్యకి మూడు వారాల్లో మూడుసార్లు తీశాను.
మూడుసార్లూ గీత నేలకి కరుచుకుని ఉంది.
ఏ కుక్కా మొరగలేదు.

"అంటే నాకేం లేదన్నమాట!"
అనేసి, సంబరంగా దగ్గాడు.
గోడ పట్టుకుని దగ్గాడు.
తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, కూర్చుని, దగ్గాడు.

పేరులోనే కొండ ఉన్న మనిషి.
ఇరవై ఎనిమిదేళ్ళుగా కొండని కోస్తున్నాడు,
కోసినంతా బయటికే పోలేదు.

గోడ దూకినవాణ్ణి చూస్తే మొరుగుతాయి గానీ
రోజూ గేటులోంచే,
హాజరు వేయించుకుని,
శనివారం కూలితో పాటు ఇంటికొచ్చేవాణ్ణి చూసి
నా గొట్టంలోని కుక్కలు ఎందుకు మొరుగుతాయి?

ఈ మాట ఆయనతో అనలేదు.
ఫారంలో రెండే గడులు: ఉంది, లేదు.
'లేదు' దగ్గర టిక్కు పెట్టాను, అది నిజమే గనక.
తర్వాత అంచున, పెన్సిలుతో,
'ఛాతీ ఎక్స్‌రే తీయించాలి' అని రాశాను.
కాస్త ఒత్తి రాశాను,
ఎవరైనా చెరిపినా కాగితం మీద గాడి ఉండేట్టు.